సూది వేయించుకుంటేనే విడుదల

కాలిఫోర్నియా శిక్షాస్మృతిలో 645వ సెక్షన్ అని ఒకటుంది. పదమూడేళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం చేసి జైలుకెళ్లిన మనిషి పెరోల్ మీద బయటికి రావాలంటే, ఆ తేదీకి వారం ముందే అతనికి ఒక ఇంజెక్షన్ మొదలుపెట్టాలంటుంది అది. మొదటిసారి నేరమైతే జడ్జి విచక్షణ, రెండోసారి అయితే తప్పనిసరి. ఆ మందు కొత్తదేమీ కాదు. పిల్లలు పుట్టకుండా ఆడవాళ్లు మూడు నెలలకోసారి వేయించుకునే డెపో ప్రొవెరాయే. అక్కడ మూడు నెలలకు 150 మిల్లీగ్రాములు సరిపోతే, మగవాళ్లలో కోరికను అణచడానికి వారానికి 500 మిల్లీగ్రాముల దాకా వాడిన సందర్భాలున్నాయి.

సూది వేసే ముందు మందు ఏం చేస్తుందో, ఏయే ఇబ్బందులు రావచ్చో అతనికి చెప్పాలని చట్టమే అంటుంది. చెప్పిన సంగతి అందిందని అతను ధ్రువీకరించాలి. ఇక్కడ కాస్త ఆగి చూడాలి. అతను ధ్రువీకరించేది "నాకు చెప్పారు" అని మాత్రమే. "నాకు సమ్మతమే" అని కాదు. ఆపరేషన్‌కు ముందు ఆసుపత్రిలో మనం పెట్టే సంతకానికీ దీనికీ మధ్య చాలా దూరం ఉంది. ఈ చట్టాల చిక్కంతా ఆ దూరంలోనే ఉంది.

టీవీ చర్చల్లో దీన్ని కెమికల్ క్యాస్ట్రేషన్ అంటారు. ఆ మాట వినగానే చాలామందికి కత్తి గుర్తొస్తుంది, ఇక ఆ మనిషి పని అయిపోయినట్టే అనిపిస్తుంది. నిజానికి ఇందులో కోత లేదు, శాశ్వతమూ కాదు. మగవాడి ఒంట్లో టెస్టోస్టెరాన్‌లో దాదాపు 95 శాతం వృషణాల్లోనే తయారవుతుంది, కానీ తయారుచేయమనే ఆర్డరు మాత్రం మెదడు నుంచి రావాలి. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ ఒక హార్మోన్‌ను వదులుతుంది. దాన్ని అందుకుని పిట్యుటరీ గ్రంథి ఇంకో హార్మోన్‌ను రక్తంలోకి పంపుతుంది. అది వృషణాలకు చేరాక అక్కడ పని మొదలవుతుంది. ఈ మందులు చేసేదల్లా ఆ వరసను ఎక్కడో ఒకచోట అడ్డుకోవడమే. డెపో ప్రొవెరా పైనుంచి వచ్చే ఆర్డరును తగ్గిస్తుంది. యూరప్‌లో, కెనడాలో వాడే సైప్రొటెరాన్ అయితే, టెస్టోస్టెరాన్ వెళ్లి అతుక్కోవాల్సిన చోటును తాను ఆక్రమిస్తుంది. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే ల్యూప్రోలైడ్, ట్రిప్టోరెలిన్ లాంటివి మరింత గట్టివి. అవి పిట్యుటరీని మొదట రెచ్చగొట్టి, చివరికి అది ఏ పిలుపుకూ పలకకుండా చేస్తాయి.

ఆ "మొదట" అన్న మాట చిన్నదే గానీ ముఖ్యమైనది. ఈ గట్టి మందులతో తొలి ఒకటి రెండు వారాలు టెస్టోస్టెరాన్ తగ్గకపోగా పెరుగుతుంది. అది తెలిసిన డాక్టర్లు ఆ కొన్ని వారాలూ మరో మందు కలిపి ఇస్తారు. విడుదలకు వారం ముందు అనే గడువును ఈ రకం మందులకు కూడా గుడ్డిగా పాటిస్తే, ఆ మనిషి జైలు గేటు దాటే రోజున ఒంట్లో హార్మోన్ మామూలు కంటే ఎక్కువే ఉండొచ్చు. ఏ మందు, ఎప్పుడు, ఎంత అన్నవి రోగిని చూసి డాక్టరు తేల్చాల్సిన సంగతులు. వాటిని శాసనసభలో కూర్చుని రాస్తే ఇలాంటి చిక్కులే వస్తాయి.

మందు ఆపేస్తే కొన్ని వారాల్లోనో నెలల్లోనో హార్మోన్ మళ్లీ మొదటికొస్తుంది. ఆపకపోయినా, బయట దొంగతనంగా అమ్మే టెస్టోస్టెరాన్ వేసుకుంటే మందు ప్రభావం దెబ్బతింటుంది. కాబట్టి సూది వేసి పంపించేస్తే సరిపోదు, రక్తపరీక్షలు క్రమం తప్పకుండా జరగాలి. ఏళ్ల తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయి. బరువు పెరుగుతుంది, రొమ్ములు పెరగొచ్చు, ఒంట్లోంచి ఉన్నట్టుండి వేడి సెగలు వస్తాయి, మనసు కుంగిపోతుంది, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, షుగర్ రావచ్చు. క్యాన్సర్ రోగికి ఈ మందులే ఇచ్చేటప్పుడు ఎముకల స్కాన్ చేయిస్తారు, కాల్షియం, విటమిన్ డి రాస్తారు. జైలు నుంచి వచ్చినవాడికి అవన్నీ ఎవరు చూస్తారన్నది చాలా చట్టాల్లో సరిగ్గా తేల్చని విషయం.

మందు తగ్గించేది కోరికనే. ఆ కోరికే నేరానికి అసలు కారణమైనచోట మందుకు పని ఉంటుంది. పిల్లల మీదే లైంగిక ఆకర్షణ ఉండి, ఆ ఆలోచనలు రాత్రింబవళ్లు వెంటాడి, తనను తాను ఆపుకోలేని మనిషి ఉంటాడు. ఆ స్థితిని పీడోఫిలిక్ డిజార్డర్ అంటారు. ఇలాంటివాళ్లలో హార్మోన్ తగ్గితే ఆ ఆలోచనల ఉధృతి తగ్గుతుంది. మందు పనిచేశాక బుర్ర నెమ్మదించిందని, ఇన్నాళ్లకు వేరే పని మీద ధ్యాస పెట్టగలిగామని చెప్పే రోగులున్నారు. కానీ పిల్లల మీద అఘాయిత్యం చేసినవాళ్లందరికీ ఈ జబ్బు ఉండదు. పరిశోధనల ప్రకారం దాదాపు సగం మందిలో మాత్రమే అది కనిపిస్తుంది. మిగతావాళ్లు మత్తులోనో, కోపంతోనో, అధికారం చూపించడానికో, ఇంట్లో ఎదురుచెప్పలేని పిల్ల దొరికిందనో చేసినవాళ్లు. పెద్దవాళ్ల మీద జరిగే అత్యాచారాల్లోనూ పగ, పెత్తనం పాత్ర చాలా ఉంటుంది. పగకు హార్మోన్ మందు లేదు. అదీకాక, హార్మోన్ లేనంత మాత్రాన చేతులు కట్టేసినట్టు కాదు, హింస రకరకాలుగా జరగొచ్చు.

ఇంత తేడా ఉన్నప్పుడు, ఎవరికి మందు పనికొస్తుందో ముందు డాక్టరు చూడాలి కదా? 1996లో గవర్నర్ పీట్ విల్సన్ సంతకంతో వచ్చిన కాలిఫోర్నియా చట్టంలో ఆ మెట్టే లేదు. అమెరికాలో ఇలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం అదే. అందులో జాబితా చేసిన నేరం, బాధితురాలి లేదా బాధితుడి వయసు, ఎన్నోసారి అన్నవే లెక్క. రోగ నిర్ధారణ షరతు కాదు. పైగా "ఎవరైనా" అని రాశారు కాబట్టి చదివితే ఆడవాళ్లకూ వర్తిస్తుంది. మరుసటి ఏడాది ఫ్లోరిడా చేసిన చట్టం, మందు ఇచ్చే ముందు ఆ మనిషి దానికి తగినవాడో కాదో వైద్య నిపుణుడు తేల్చాలంది. ఒక్క వాక్యమే తేడా. కానీ నా దృష్టిలో ఆ వాక్యం ఉన్న చట్టం వేరు, లేని చట్టం వేరు.

ఆ తర్వాత దేశదేశాల్లో తలా ఒక తీరు. 1997లోనే టెక్సస్ దారి మార్చి, ఖైదీ తనంతట తాను అడిగితేనే వృషణాలు తీసే ఆపరేషన్ చేస్తామంది, దాన్ని పెరోల్‌తో ముడిపెట్టలేదు. జార్జియా రాష్ట్రం చట్టం చేసి, 2006లో తీసేసింది. పోలండ్‌లో 2010 నుంచి అమల్లో ఉంది. మాల్డోవా 2012లో తెచ్చిన చట్టాన్ని మరుసటి ఏడాదే అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. పాకిస్తాన్ 2020 చివర్లో ఆర్డినెన్స్ తెచ్చి, ఇస్లామిక్ సిద్ధాంత మండలి అభ్యంతరం చెప్పాక 2021లో ఆ క్లాజును వదిలేసింది. 2019లో అమెరికాలోని అలబామా రాష్ట్రం చేసిన చట్టంలో ఇంజెక్షన్ విడుదలకు కనీసం నెల ముందు మొదలవ్వాలి, ఎప్పుడు ఆపాలో కోర్టు చెప్పాలి, ఖర్చు మాత్రం ఆ మనిషే పెట్టుకోవాలి, బొత్తిగా స్తోమత లేకపోతే తప్ప. మధ్యలో తనంతట తాను మానేస్తే మళ్లీ జైలే. లూసియానా ఇంకో అడుగు వేసి, 2024 ఆగస్టు నుంచి కొన్ని కేసుల్లో నిజంగానే శస్త్రచికిత్సకు ఆదేశించే అధికారం జడ్జిలకు ఇచ్చింది. వద్దంటే మరో మూడు నుంచి ఐదేళ్లు జైలు.

ఇవన్నీ పనిచేస్తున్నాయా అని అడిగితే సూటిగా జవాబు చెప్పగలిగే పరిశోధన చాలా తక్కువ. జర్మనీలో 1970ల్లో వృషణాలు తీసే శస్త్రచికిత్సకు దరఖాస్తు పెట్టుకున్నవాళ్ల మీద చేసి, 1989లో ప్రచురించిన ఒక అధ్యయనాన్ని సమర్థకులు తరచూ ఎత్తి చూపుతారు. శస్త్రచికిత్స చేయించుకున్న 99 మందిలో మళ్లీ లైంగిక నేరం చేసినవాళ్లు 3 శాతం. దరఖాస్తు పెట్టుకుని, చివరికి చేయించుకోని 35 మందిలో 46 శాతం. చూడగానే కళ్లు చెదిరే తేడా. కానీ వీళ్లంతా తమంతట తాము దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు. అందులోనూ చివరిదాకా నిలబడినవాళ్లకు మారాలన్న పట్టుదల ముందే ఉండి ఉండొచ్చు, వెనక్కి తగ్గినవాళ్లకు లేకపోయి ఉండొచ్చు. ఆ 3 శాతంలో కత్తి వాటా ఎంత, పట్టుదల వాటా ఎంత అన్నది ఆ అంకెలు చెప్పవు. మందుల సంగతి చూస్తే, వైద్య పరిశోధనలను జల్లెడ పట్టి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2015లో చేసిన సమీక్షకు ప్రపంచం మొత్తం వెతికితే దొరికిన సరైన ట్రయల్స్ ఏడు. వాటిలో పాల్గొన్నవాళ్లు 138 మంది. అన్నీ ఇరవై ఏళ్లకు పైబడ్డవే. ఇప్పుడు ఎక్కువగా చెప్పుకునే ట్రిప్టోరెలిన్ రకం మందుల మీద అప్పటికి ఒక్క ట్రయల్ కూడా వాళ్లకు దొరకలేదు. మందు పనిచేయదని దీనర్థం కాదు. ఇజ్రాయెల్‌లో 30 మందికి ట్రిప్టోరెలిన్ ఇచ్చి 1998లో ప్రచురించిన ఫలితాలు బాగా ఆశ కలిగించాయి, కానీ అందులో పోల్చి చూసుకోవడానికి మందు లేని గుంపు లేదు. ఒక మనిషి మీద ఏళ్ల తరబడి అమలు చేసే శిక్షకు ఈ మాత్రం ఆధారం చాలా అన్నది తేలని ప్రశ్న. నాకు చాలదనే అనిపిస్తుంది.

సమ్మతి విషయానికి వద్దాం. 1983లో దక్షిణ కరోలినాలో ఒక జడ్జి ముగ్గురు దోషులకు 30 ఏళ్ల జైలు వేసి, వృషణాలు తీయించుకుంటే శిక్ష సస్పెండ్ చేస్తానన్నారు. 1985లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టేసింది, అది అంగచ్ఛేదం కిందికి వస్తుందని, క్రూరమైన శిక్ష అని చెప్పింది. దానికి ఏడాది ముందు మిషిగన్ అప్పీల్ కోర్టు డెపో ప్రొవెరా షరతునే చెల్లదంది. ఆ మందును ఇలా వాడటం సురక్షితమని, నమ్మదగిందని వైద్యలోకం ఇంకా ఒప్పుకోలేదన్నది అక్కడి కారణం. ఆ కేసులో దోషి ఆ మందు తయారుచేసిన కంపెనీ స్థాపకుడి వంశంవాడే. 2014లో చెక్ రిపబ్లిక్ కేసులో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం మాత్రం ఇంకోలా ఆలోచించింది. ఆసుపత్రిలో బెదిరించి మందు ఇచ్చారని ఒక రోగి ఫిర్యాదు చేస్తే, అది కష్టమైన ఎంపికే గానీ బలవంతం కాదంది. రాతపూర్వకంగా సమ్మతి తీసుకుని ఉంటే బాగుండేదని కూడా అంది.

"జైలా, సూదా, నువ్వే తేల్చుకో" అని అడగడం సమ్మతేనా? కొందరు న్యాయనిపుణుల మాట ఇది: జైలు ఎలాగూ న్యాయంగా పడిన శిక్షే, దానికి బదులు ఒక తేలిక దారి చూపిస్తే ఆ మనిషికి ఒక అవకాశం పెరిగిందే గానీ తగ్గలేదు కదా. ఆ వాదనలో బలం ఉంది, కొట్టిపారేయలేను. కానీ అది నిలబడాలంటే రెండు సంగతులు నిజం కావాలి. వద్దన్నవాడికి అసలు పడిన శిక్ష కంటే ఒక్కరోజు కూడా ఎక్కువ పడకూడదు. లూసియానాలో అలా కాదు, వద్దంటే అదనపు శిక్ష ఉంది. రెండోది, తనకు ఇస్తున్నది తన జబ్బుకు సరైన వైద్యమై ఉండాలి. జబ్బు ఉందో లేదో చూడని చట్టంలో ఆ మాటకు తావే లేదు.

ఈ విషయం రాసేటప్పుడల్లా నాకు గుర్తొచ్చేది 1952 నాటి మాంచెస్టర్. గణిత శాస్త్రవేత్త ఆలన్ ట్యూరింగ్ ఇంకో మగవాడితో ఇష్టపూర్వక సంబంధం పెట్టుకున్నందుకు దోషి అయ్యాడు. జైలుకు బదులు ప్రొబేషన్ ఇచ్చారు, హార్మోన్ చికిత్స తీసుకోవాలన్న షరతు మీద. ఏడాదిపాటు ఆయనకు స్త్రీ హార్మోన్ ఇచ్చారు. 1954లో చనిపోయాడు. 2013లో రాణి క్షమాభిక్ష వచ్చింది. పిల్లల మీద అత్యాచారం చేసినవాడినీ ట్యూరింగ్‌నూ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు, అలా కట్టడం అన్యాయం. నేను చూస్తున్నది ఆ పద్ధతిని. కోర్టు నేరాన్ని తేల్చింది, చికిత్సను రాసింది, డాక్టరు ఇచ్చాడు. ఆ నేరాన్నే తర్వాతి కాలం నేరాల జాబితాలోంచి కొట్టేసింది.

డాక్టరు ఇవ్వనంటే ఏమవుతుందో ఇండోనేషియాలో తెలిసింది. 2016లో అక్కడ పిల్లల మీద లైంగిక నేరాలకు కెమికల్ క్యాస్ట్రేషన్‌ను శిక్షగా చేర్చారు. వెంటనే ఆ దేశ వైద్యుల సంఘం, ఇది మా ప్రమాణానికి విరుద్ధం, మేం సూది పట్టం అంది. 2019లో ఒక కోర్టు నిజంగానే ఆ శిక్ష వేసినప్పుడు అమలు చేసేదెవరన్న ప్రశ్న అలాగే మిగిలింది. నాకు ఆ వైద్యుల మాటలో న్యాయం కనిపిస్తుంది. రోగి మేలు కోసం ఇస్తే అది మందు. రోగిని శిక్షించడానికి ఇస్తే, సీసా అదే అయినా, డాక్టరు చేస్తున్న పని మాత్రం జైలరు పని.

మన దేశంలో ఈ ప్రశ్న 2012 డిసెంబరులో ఢిల్లీ ఘటన తర్వాత పెద్దగా వచ్చింది. జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీకి వచ్చిన దాదాపు 80 వేల సూచనల్లో ఇదీ ఉంది. 2013 జనవరి 23న ఇచ్చిన నివేదికలో కమిటీ దీన్ని ఒప్పుకోలేదు. సమ్మతి లేకుండా మనిషిని ప్రమాదకరమైన దుష్ప్రభావాలకు గురిచేయడం రాజ్యాంగ విరుద్ధమంది. అత్యాచారానికి సమాజంలో ఉన్న వేళ్లను ఇది ముట్టుకోదని కూడా చెప్పింది. 2015లో మద్రాస్ హైకోర్టు న్యాయమూర్తి ఒకరు పిల్లల మీద అత్యాచారాల విషయంలో కేంద్రాన్ని ఈ దిశగా ఆలోచించమన్నారు. చట్టం మాత్రం రాలేదు.

అందరికంటే లోతుగా తడిమింది దక్షిణ కొరియా అనిపిస్తుంది. 2011 నుంచి అమల్లో ఉన్న అక్కడి చట్టంలో మానసిక వైద్య నిపుణుడి నిర్ధారణ తప్పనిసరి. కోర్టు గరిష్ఠంగా 15 ఏళ్లపాటు మందుకు ఆదేశించవచ్చు. విడుదలకు రెండు నెలల లోపు అది మొదలవుతుంది. చూడటానికి పకడ్బందీగానే ఉంది. కానీ 2015 డిసెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం ఒక చోట వేలు పెట్టింది. శిక్ష వేసే రోజునే మందుకూ ఆదేశం ఇస్తున్నారు. ఇవాళ పదేళ్లో పదిహేనేళ్లో జైలు పడినవాడికి ఆ సూది పడేది ఆ ఏళ్లన్నీ గడిచాక. ముప్ఫై ఐదేళ్లప్పుడు పరీక్షించిన మనిషి యాభై ఏళ్లప్పుడు బయటికొస్తాడు. ఈలోగా వయసుతో కోరిక తగ్గి ఉండొచ్చు, జైల్లో కౌన్సెలింగ్ పనిచేసి ఉండొచ్చు, గుండెజబ్బో షుగరో వచ్చి ఉండొచ్చు. అతనికి ఆ రోజున మందు అవసరమో కాదో ఇన్నేళ్ల ముందే ఎలా తెలుస్తుంది? న్యాయస్థానం చికిత్సను కాదనలేదు. విడుదల వేళ మళ్లీ ఒకసారి చూసే దారి లేకపోవడాన్ని తప్పుపట్టింది. ఆ తర్వాత 2017లో చట్టం సవరించి, మందు ఇక అవసరం లేదని ఖైదీ కోర్టును అడిగే వీలు కల్పించారు.

నిర్ధారణ ముందు జరగాలి, విడుదల వేళ మళ్లీ జరగాలి, ఎముకల నుంచి మనసు దాకా చూసుకునే డాక్టరు ఉండాలి, మందుతోపాటు కౌన్సెలింగ్ నడవాలి, ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాలి, వద్దన్నవాడికి అదనపు శిక్ష ఉండకూడదు. ఇవన్నీ పెట్టాక దాన్ని ఇక శిక్ష అనలేం, వైద్యం అనాలి. అలాంటి ఏర్పాటుకు నేను అడ్డు చెప్పను. నిజంగా జబ్బున్న మనిషికి మందు అందక అతను మళ్లీ ఒక పిల్లను పాడుచేస్తే, ఆ నష్టం ఏ సూత్రంతోనూ పూడదు. ఇంగ్లండ్‌లో 2025 మేలో అప్పటి న్యాయశాఖ మంత్రి షబానా మహమూద్, నైరుతి ప్రాంతంలోని జైళ్లలో ఈ మందులతో నడుస్తున్న ప్రయోగాన్ని 20 జైళ్లకు విస్తరిస్తామన్నారు. అక్కడ అప్పటిదాకా అది ఖైదీ ఇష్టప్రకారమే నడిచింది. దాన్ని తప్పనిసరి చేయొచ్చేమో చూస్తున్నామని కూడా ఆమె చెప్పారు. ఆ రెండు వాక్యాల మధ్య తేడా ఎంత పెద్దదో పైన చెప్పినవన్నీ చూస్తే తెలుస్తుంది.

2020లో స్వీడన్ నుంచి ఒక ట్రయల్ ఫలితం వచ్చింది. పీడోఫిలిక్ డిజార్డర్ ఉన్న 52 మంది మగవాళ్లలో కొందరికి డెగరెలిక్స్ అనే ఇంజెక్షన్, కొందరికి ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చారు. డెగరెలిక్స్ ల్యూప్రోలైడ్‌లా మొదట హార్మోన్‌ను పెంచదు, నేరుగా దించుతుంది. రెండు వారాలకే ప్రమాద సూచికలు తగ్గాయి. వాళ్లెవరినీ కోర్టు పంపలేదు. ఒక హెల్ప్‌లైన్‌కు తామే ఫోన్ చేసి, మాకు సాయం కావాలని అడిగినవాళ్లు.

అలాంటి ఫోన్ చేయడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించుకోండి. చెబితే పోలీసులకు పట్టిస్తారేమో, ఇంట్లో తెలిస్తే బతుకేముంటుంది అన్న భయం. 2005లో బెర్లిన్‌లోని షరీటే ఆసుపత్రి ఆ భయం పోగొట్టడానికే ఒక చికిత్సా కేంద్రం తెరిచింది. అక్కడ పేరు బయటికి రానివ్వరు, డబ్బు తీసుకోరు, అవసరమైనవాళ్లకు ఈ మందులే ఇస్తారు. ప్రచారంలో వాళ్లు చెప్పిన మాటల సారాంశం ఇది: నీకు కలిగే కోరికకు దోషివి నువ్వు కాదు, చేసే పనికి బాధ్యుడివి మాత్రం నువ్వే, సాయం ఉంది, నేరస్థుడివి కావద్దు.